ఇంటి ముచ్చటలు: యంత్రము పంపిన కబురు



గడచిన మాసమున మన పత్రిక చదువరులలో నొక సోదరి నాకు జాబు వ్రాసినది. ఆమె తన కుమారుని కంప్యూటరు నుపయోగించి యింటి లెక్కలు వ్రాసికొన మొదలిడినదట. "నల్లని తెరమీద ఆజ్ఞ వ్రాసి మీట నొక్కితిని. అది ఆంగ్లమున నేదో యొక పంక్తి వ్రాసినది. నాకు చేతులు వణకినవి. యంత్రమును పాడుచేసితి నేమోయని మూసివేసి లేచి వచ్చితిని. మరల దాని మొగము చూడలేదు. మాబోంట్లకు ఈ విద్య తగునా?" అని ఆమె ప్రశ్న. జాబులో ఆ పంక్తిని కూడ చూచి వ్రాసినందున మేలైనది. దాని యర్థము 'అట్టి ఫైలు లేదు' అని మాత్రమే. ఆమె పిలిచిన ఫైలు పేరులో నొక యక్షరము తప్పిపోయినది, అంతియే. యంత్రము పాడు కాలేదు, లెక్కలు పోలేదు. తలుపు తట్టినవారితో 'ఆ పేరు గలవారు ఈ యింట లేరు' అని చెప్పినట్లే అది చెప్పినది. ఆ మాట నామె గద్దింపుగా వినినది.

ఇట్లు వెఱచినది ఆమె యొక్కతెయే కాదు. నేనును వెఱచితిని. అంతకంటె చెడ్డపని యేమనగా, వెఱవవలసినచోట వెఱవక నిశ్చింతగా నుంటిని. ఆ కథ చెప్పెదను. దానికి ముందు, యంత్రముతో మాటలాడుట యన నేమో కొంచెము తెలిసికొందము.

నేడు మన చేతిలోని ఫోనుమీద బొమ్మలను తాకినచో పని జరుగుచున్నది. కాని ఆ బొమ్మల మాటున, పాఠశాలలలోను కార్యాలయములలోను గల పెక్కు యంత్రములలో, వ్రాతపూర్వకముగా ఆజ్ఞ యిచ్చు పద్ధతి నేటికిని గలదు. మనమొక పంక్తి వ్రాయుదుము. యంత్రము బదులు వ్రాయును. దానిని చూచి మనము మరల వ్రాయుదుము. తొలినాళ్లలో ఇంతటి భాగ్యము లేదు. ఆజ్ఞలను అట్టముక్కలమీద రంధ్రములుగా పొడిచి కట్టగట్టి యిచ్చి, గంటల తరబడి వేచియుండి ఫలితమును తెచ్చుకొనెడివారు. తప్పున్నచో మరల మొదటికి వచ్చుటయే. 1961వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కొర్బాటో యనునాయనయు ఆయన తోడివారును, పలువురు మనుష్యులు ఒకే యంత్రముతో ఏకకాలమున మాటలాడుకొనదగిన పద్ధతిని నడిపి చూపిరి. దానిని సి.టి.ఎస్.ఎస్. అందురు. ఆజ్ఞ చేరగానే అది 'డబ్ల్యు' అను అక్షరమును అచ్చువేసెడిది. వేచియుండుమని దాని యర్థము. పని ముగియగానే 'ఆర్' అను అక్షరము. సిద్ధముగా నున్నానని దాని యర్థము. ఉన్నవి రెండక్షరములే యైనను అందెంత మర్యాద గలదో చూడుడు. అత్తగారు పెరటిలోనుండి పిలిచినప్పుడు 'వచ్చుచున్నా నత్తయ్యా' యని ముందొక మాట పలికి, చేతిపని ముగించి పోవు కోడలి తీరది. పిలుపు చేరినదని తెలిసినచో పిలిచినవారికి సగము తొందర తీఱును.

ఇక నా కథ. మా వారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. పరీక్షల యనంతరము తొమ్మిదవ తరగతి రెండు శాఖల మార్కులను కంప్యూటరున కెక్కించు పని వారిమీద పడినది. మా యింట నున్న పాత యంత్రము లినక్సు అను పద్ధతిని నడచునది. పగలెల్ల బడిలో నిలిచి చెప్పి వచ్చి, రాత్రులు కన్నులు నులుముకొనుచు వారు వ్రాయుట చూడలేక, ఆ పని నేను చేసెదనంటిని. 'ఏ' శాఖ మార్కులను రెండు మధ్యాహ్నములు కూర్చుండి వ్రాసి 'మార్కులు' అను పేర భద్రపఱచితిని. మూడవనాడు 'బి' శాఖవి వ్రాసి 'క్రొత్తవి' అను పేర నుంచితిని. ఆ పేరు బాగుగా లేదని తోచి, పేరు మార్చు ఆజ్ఞను, దానిని 'ఎమ్.వి.' యందురు, వ్రాసి, 'క్రొత్తవి' యనుదానిని 'మార్కులు' అని పిలువు మంటిని. రెండును ఒకచోట చేరునని నా భ్రమ. యంత్రము ఒక్క మాటయు పలుకలేదు. తరువాతి యాజ్ఞకై యెదురుచూచు గుర్తు మాత్రము క్రింది పంక్తిలో కనబడినది. మౌనము అర్ధాంగీకార మందురు గదా. నేను దానిని పూర్ణాంగీకారముగా నెంచి, లేచిపోయి సందె దీపము పెట్టుకొంటిని.

రాత్రి మా వారు తెఱచి చూడగా నొక శాఖయే యున్నది. 'ఏ' శాఖలోని 38 మంది పిల్లల మార్కులును లేవు. పాతది చెఱిగిపోయి ఆ పేరున క్రొత్తది నిలిచినది. మఱునాటి యుదయమే అప్పగింపవలయును. మార్కుల పుస్తకము ఇంటనే యున్నందున, మా పెద్దమ్మాయి చదువుచుండ మేమిద్దరము వంతులవారీగా మరల వ్రాయ మొదలిడితిమి. నడురేయి కావచ్చినప్పుడు మా వారు చేయి నిలిపి, "ఒక పిల్లకు గణితములో మార్కులు మాఱినవి. నీచేత యంత్రమున దిద్దించితిని గాని పుస్తకములో దిద్దలేదు" అనిరి. పుస్తకములో ఆమెకు 33 మార్కులున్నవి. కూడికలో పొరపాటు కనబడి మరల లెక్కింపగా 37 అయినవి. గట్టెక్కుటకు 35 కావలయును. ఆయనకు ఆ మాట జ్ఞప్తికి రాకున్నచో, నా మూలమున నెవరి బిడ్డయో తప్పినదై యింటికి పోవలసినది. జవాబు కాగితముల కట్ట విప్పి, ఆమె కాగితము వెదకి తీసి, దిద్దిన యంకెను కన్నులార చూచువఱకు నాకు నోట తడి లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. యంత్రముమీద కోపము వచ్చినది. 'ఇదివఱకే ఆ పేర నొకటి యున్నది, చెఱిపివేయుదునా?' అని ఒక్క మాట యడుగరాదా? అన్యాయముగా నోరు మూసికొన్నదే యని దానిని తిట్టుకొంటిని. తరువాత మా వారి పుస్తకములను తిరుగవేసి, ఆ మౌనమునకు నొక చరిత్ర యున్నదని తెలిసికొంటిని.

లినక్సు పద్ధతికి పితామహి వంటిది యూనిక్సు. అది 1969వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారిచేత ఆరంభింపబడినది. ఆనాడు నేటివలె వెలుగు తెరలు అందఱి ముందును లేవు. టెలిటైపు అను అచ్చుయంత్రమే యంత్రమునకు నోరు. అది చుట్టగా నున్న కాగితముమీద సెకండునకు 10 అక్షరములు మాత్రము టకటక అచ్చు వేయగలిగెడిది. యాబది యక్షరముల మాట పలుకవలెనన్న అయిదు సెకండ్లు చప్పుడు. కనుక 'తమ యాజ్ఞ నెఱవేఱినది' అని ప్రతి పనికిని వ్రాయుచు కూర్చుండినచో పని కంటె పలుకు పెద్దదగును. థాంప్సన్ వ్రాసిన 'ఈడీ' యను వ్రాతపరికరము ఇంకను పొదుపరి. మనము చేసిన తప్పు ఏదైనను దాని బదులొక్కటే: ప్రశ్నార్థకపు గుర్తు. కోపము వచ్చిన పెద్దలు కనుబొమ్మ నెత్తి చూచినట్లు!

రెండవ కారణము మఱియు గట్టిది. 1973వ సంవత్సరమున డగ్లస్ మెకిల్‌రాయ్ అను నాయన కోరికపై, ఒక యాజ్ఞ యిచ్చు ఫలితమును నేరుగా మఱియొక యాజ్ఞకు అందించు ఏర్పాటు యూనిక్సున చేరినది. ఒకతె పప్పు కడుగును, ఒకతె రుబ్బును, ఒకతె గారెలు వేయును. నడుమనున్న యామె 'నేను బాగుగ రుబ్బితిని' అని చీటి వ్రాసి పిండిలో వేసినచో గారెలో కాగితము తగులును గదా! ఆ కారణముచేతనే, అడిగిన వస్తువు తప్ప అధికమైన మాట ఏదియు రారాదని వారు నియమము చేసికొనిరి.

అయితే కష్టము వచ్చినప్పుడైనను చెప్పవలదా? చెప్పవలెను, కాని వేఱు దారిన చెప్పవలెను. దీనికి స్టీఫెన్ జాన్సన్ అను నాటి వారిలో నొకరు చెప్పిన ముచ్చట గలదు. వారి ప్రయోగశాలకు ఛాయాచిత్రపద్ధతిని అక్షరములు కూర్చు అచ్చుయంత్రము వచ్చినది. పొడవైన కాగితమును దుర్గంధము కొట్టు ద్రావకపు యంత్రములోనికి పంపి, కొన్ని నిమిషములు నిలిచి, తీసి చూచిన గాని అచ్చు కనబడదు. ఒకనాడు పలువురు అట్లే నిలిచి తీసి చూడగా, ఒక్కొక్కరికి చక్కని అక్షరములతో ఒక్క పంక్తియే కనబడినదట: ఫలానా ఫైలును తెఱువజాలనని! నిట్టూర్పులు విన్నవారు ఊరకుండక, కొలది దినములలోనే ఫలితము నడచు దారి యొకటి, ఫిర్యాదు నడచు దారి వేఱొకటిగా ఏర్పఱచిరి. నేటికిని ఆ రెండు దారులును వేఱువేఱుగానే యున్నవి. పిండి గిన్నెలోనికి పోవును. 'పప్పులో రాయి యున్నది' అను మాట గిన్నెలోనికి గాక ఇల్లాలి చెవికి వచ్చును.

ఇంకొక చిత్రము. ప్రతి యాజ్ఞయు ముగియునప్పుడు చాటుగా నొక సంఖ్యను విడిచిపోవును. పని నెఱవేఱినచో సున్న. నెఱవేఱకున్నచో వేఱొక సంఖ్య. మాస్టరుగారి యింట సున్న యనిన నెంత దుఃఖమో చెప్పనక్కఱలేదు. అక్కడ సున్నయే ఉత్తీర్ణత! ఆలోచింపగా సరియే యనిపించినది. పని చక్కబడుట ఒక్క విధము. చెడుట అనేక విధములు. విధమున కొక సంఖ్య కావలయును గదా.

ఇదంతయు తెలిసిన తరువాత నా కోపము చల్లారినది. ఆ దినమున యంత్రము అబద్ధ మాడలేదు. నేను చెప్పినది చేసినది. నేను కోరినదేమో అది యెఱుగదు. దాని మౌనమునకు 'చెప్పినది జరిగినది' అనియే యర్థము. 'నీకు మేలు జరిగినది' అని కాదు. ఈ రెంటికిని గల యంతరమున 38 మంది పిల్లల మార్కులు పడిపోయినవి.

అట్లని తప్పంతయు నాదే యని ఒప్పుకొనను. ఆ యాజ్ఞకే 'ముందు నన్నడుగుము' అని చెప్పు వీలు గలదు. ఆజ్ఞ పేరు ప్రక్కన అడ్డుగీతయు 'ఐ' యను చిన్న యక్షరమును చేర్చినయెడల, పాతదానిమీద వ్రాయుటకు ముందు అది ప్రశ్నించును. 'వి' యను చిన్న యక్షరము చేర్చినచో, ఏ పేరును ఏ పేరుగా మార్చినదో పలికి చెప్పును. మితభాషిని పలికించు నేర్పు మనకున్నది, నాకది తెలియలేదు. తెలియనివారికి మొదటినుండియే అడిగెడి గుణమును, తెలిసినవారికి మాత్రమే మౌనమును ఏర్పఱచియుండిన మేలు గదాయని నా మనవి. ఇంటికి క్రొత్తగా వచ్చిన వంటమనిషి 'ఉప్పెంత వేయుదునమ్మా?' యని అడుగవలెను. పదియేండ్లున్న యామె అడుగక వేసినను తగును.

ఇక పలుకు వచ్చినప్పుడు దాని నెట్లు చదువవలెను? మన సోదరి కంగారుపడిన పంక్తినే తీసికొందము. అట్టివానిలో తఱచుగా మూడు భాగములుండును. మొదట, మాటలాడునది యెవరు, అనగా ఏ యాజ్ఞ. పిదప, ఏ వస్తువును గూర్చి. చివరకు, ఏల కాలేదు. నడుమ రెండేసి చుక్కలు. 'క్యాట్: లెక్కలు: అట్టి ఫైలుగాని డైరెక్టరీగాని లేదు' అన్నచో, 'చూపుము' అను ఆజ్ఞ, 'లెక్కలు' అను పేరు వెదకి, కానరాక తిరిగివచ్చినదని భావము. చివరి కారణములు ఎప్పటికప్పుడు కల్పించునవి కావు. లినక్సున అవి ఒక పట్టికలో సంఖ్యలతో నున్నవి: 2 అట్టి ఫైలు లేదు, 13 అనుమతి లేదు, 28 చోటు చాలదు. అనుమతి లేదనిన నీవు దొంగవని కాదు. ఆ యఱ తాళము మఱియొకరి యొద్ద నున్నదని. చోటు చాలదనిన గాదె నిండినదని. 'కమాండ్ నాట్ ఫౌండ్' అనిన ఆ పేరుగల పనివారు ఇక్కడ లేరని. తఱచుగా మన వ్రాతలోని యక్షరదోషమే కారణము. రహస్యపదము వ్రాయునప్పుడు తఱచుగా తెరమీద ఒక్క చుక్కయు కానరాదు. మీటలు పనిచేయుట లేదని క్రొత్తవారు దిగులుపడుదురు. ప్రక్కవారు అక్షరములు లెక్కింపకుండుటకై అది దాచుచున్నది. ఆ మౌనము మన మేలునకే.

చిన్ననాడు మా నాయనగారు భారతము చెప్పుచు, సభాపర్వమున ప్రాతికామి వచ్చిన ఘట్టమున ఆగెడివారు. జూదమున నోడిపోతివి, సభకు రమ్మని దూత వచ్చి పలికినప్పుడు ద్రౌపది మూర్ఛపోలేదు, తిట్టలేదు. ధర్మజుడు తన్ను ముందోడి పిదప నన్నోడెనా, నన్నే ముందోడెనా, పోయి యడిగి రమ్మని ఆ దూతనే తిరుగ బంపినది. "వచ్చిన కబురును వినుట ఒక యెత్తు, దానిలో లేనిదేమో కనిపెట్టి యడుగుట ఒక యెత్తు" అని మా నాయనగారు చెప్పెడివారు. యంత్రపు మాటకు మన మీయవలసిన బదులును అదియే. ఎవరు చెప్పుచున్నారు? దేనిని గూర్చి? ఏల? నేను తిరిగి యేమడుగవలెను? కౌటిల్యుడు అర్థశాస్త్రమున దూతలను మూడు తెగలుగా విభజించెను. పూర్ణాధికారము గలవాడొకడు, పరిమితాధికారము గలవా డొకడు, చెప్పిన శాసనమును మోసికొని వచ్చువాడు మాత్ర మొకడు. తెరమీది పంక్తి ఈ మూడవ తెగవాడు. వానిమీద కోపగించి ఫలము లేదు, వానికి భయపడియు ఫలము లేదు.

అయినను దూతకు పలుకు నేర్పిన వారికొక ధర్మమున్నది. మల్టిక్సు అను మఱియొక పద్ధతిలో, ఎన్నటికిని జరుగజాలదని తలచిన యొక చిక్కునకు, దానిని వ్రాసినవారు వినోదమునకై లాటిను భాషలో సందేశము నుంచిరి. 'నేడు మూలమునకు సోదరుడు జన్మించెను' అని దాని భావము. వృక్షమునకు మూలమొక్కటే గదా, దానికి సోదరు డెట్లు? జరుగదని తలచినది ఒకనాడు జరుగనే జరిగినది. యంత్రమాగి లాటిను సందేశము నిలిచినది. చదివినవారికి దిక్కు తోచకుండుట వింత కాదు. పండితుని చమత్కారము కష్టములో నున్నవారి కక్కఱకు రాదు. సంస్కృతము చదువుకొన్న నాబోటివారు ఈ కథను జ్ఞప్తియందుంచుకొనుట మంచిది.

పరుషముగా పలికిన దూతలును లేకపోలేదు. డాస్ అను పద్ధతి కాలమున, డిస్కును చదువలేనప్పుడు తెరమీద 'అబార్ట్, రీట్రై, ఇగ్నోర్' అని మూడు మాటలు వచ్చెడివి. విడిచిపెట్టుదునా, మరల యత్నింతునా, లెక్కచేయక పోదునా యని ప్రశ్న. దేనిని కోరిన నేమగునో చెప్పదు. ఏ తలుపు వెనుక గొయ్యి యున్నదో చెప్పక త్రోవ యెన్నుకొమ్మనుట వంటిది. 1982వ సంవత్సరమున మేరీల్యాండు విశ్వవిద్యాలయపు ఆచార్యులు బెన్ ష్నైడర్‌మన్ గారు యంత్రసందేశములను గూర్చియే ఒక వ్యాసము ప్రకటించిరి. 'ప్రాణాంతకము', 'అక్రమము' వంటి నిందావాక్యములు క్రొత్తవారిని హడలగొట్టును గాన మానవలెననియు, తప్పెక్కడనో స్పష్టముగా చూపవలెననియు, దిద్దుకొను దారిని తెలుపవలెననియు, మాట మృదువుగా నుండి పగ్గములు వాడుకరి చేతిలోనే యున్నట్లు తోపవలెననియు వారి బోధ. తరగతిలో మా వారు ఇదే చేయుదురు. 'తప్పు' అని ఎఱ్ఱగీత గీచిన కాగితము పిల్లవాని నేడిపించును; 'మూడవ పంక్తిలో కూడిక చూడుము' అని వ్రాసిన కాగితము వానికి చదువు నేర్పును. గిట్ అను పరికరము నేడట్లే చేయుచున్నది. ఆజ్ఞ పేరు తప్పు వ్రాసినచో, అది లేదని చెప్పి యూరకుండక, దానికి దగ్గఱి పేరు ఇది యని చూపును.

యంత్ర మడుగు ప్రశ్నలలో నొక సూక్ష్మమున్నది. కొన్ని చోట్ల 'కొనసాగింతునా?' యని యడిగి ప్రక్కన ఆంగ్లమున 'వై', 'ఎన్' అను రెండక్షరములు చూపును. అవును, కాదు అని యర్థము. వానిలో పెద్దబడి యక్షరమేదో చూడుడు. మీరేమియు వ్రాయక మీట నొక్కినచో ఆ పెద్దయక్షరమే మీ సమాధానమని అది గ్రహించును. మాట యాడకయే మాట యిచ్చినట్లు! ప్రతి చిన్నపనికిని 'నిజముగానే చేయుదునా?' యని పదేపదే యడిగినను చేటే. చదువకయే 'అవును' అను నలవాటు వ్రేళ్లకు పట్టుబడును. నిజముగా ఆగవలసిననాడు కూడ వ్రేలు ఆగదు.

చివరిమాట మన భాషను గూర్చి. ఈ సందేశములను వేఱు భాషలలోనికి మార్చుటకు గెట్‌టెక్స్టు అను ఏర్పాటు గలదు. ఆంగ్లవాక్యములన్నియు ఒక పట్టీగా వచ్చును. వాని క్రింద తెనుగు వ్రాసియుంచినచో యంత్రము దానిని పలుకును. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' వంటి సంస్థల స్వచ్ఛందకార్యకర్తలు ఇట్టి పనిలో పాటుపడిరి. అది యెంత కష్టమో రెండు మాటలలో చెప్పెదను. 'ఈ పనిని రద్దు చేయుదురా?' యని ప్రశ్న. క్రింద 'సరే' యని యొకటి, 'రద్దు' అని యొకటి. ఏది నొక్కినచో పని రద్దగును? రెండును అదే చెప్పుచున్నట్లు లేదా? 'రద్దు చేయుము', 'ఉండనిమ్ము' అని వ్రాసిన పసిపిల్లకైనను తెలియును. రెండవది, తెనుగున క్రియ చివర వచ్చును. 'మీ ఖాతానుండి ఫలానావారికి ఇన్ని రూపాయలు పంపుట' వఱకు చదివి పంపబడెననుకొని లేచిపోయినవారికి, ఆ తరువాతి 'జరుగలేదు' అను మాట కనబడదు. హనుమంతుడు లంకనుండి మరలివచ్చి రామునితో పలికినప్పుడు, సీత పేరుకంటె ముందుగా 'చూచితిని' యను భావమును నిలిపెనని మా నాయనగారు చెప్పెడివారు. పేరు ముందు వినినచో, తరువాతి మాట వచ్చులోపల ఆయన మనస్సు ఏ కీడు శంకించునో యని ఆ దూత జాగ్రత్త. తెనుగు సందేశములు వ్రాయువారు ఆ నేర్పును కైకొన్నచో మేలు. జరిగినదా, లేదా యనుమాట ముందు, తక్కినది పిదప.

కావున, జాబు వ్రాసిన సోదరీ! మీ రడిగిన ప్రశ్నకు నా బదులిది. పంక్తి కనబడినప్పుడు మూసివేయక, చివరివఱకు చదువుడు. అర్థము కాకున్నచో ఉన్నదున్నట్లు కాగితముమీద వ్రాసికొనుడు. 'ఏదో వచ్చినది' అని చెప్పినచో ఎంతటి నేర్పరియు సాయపడజాలడు. మీ జాబులో చేసినదానిని మీరు తెలియకయే చక్కగ చేసితిరి. చెఱిపివేయు, మార్పుచేయు ఆజ్ఞలకు 'ముందు నన్నడుగుము' అను అక్షరమును చేర్చుకొనుడు. విలువైనదానికి నకలు వేఱొకచోట నుంచుకొనుడు. యంత్రము పలుకకున్నచో, పని జరిగినదని తృప్తిపడక, తెఱచి కన్నులార చూచుకొనుడు. ఈ విద్య మనకు తగునా యనిన, పాలు పొంగువేళ చప్పుడును బట్టియే తెలిసికొని పరుగెత్తువారము; మౌనములో నున్న పసిబిడ్డ యేదో తుంటరిపని చేయుచున్నదని పసిగట్టువారము. మాటను, మాట లేకపోవుటను కూడ చదువుట మనకు క్రొత్త కాదు.

ఇప్పుడు మా యింట మార్కుల పనికి ముందు మా పెద్దమ్మాయి నన్నొక ప్రశ్న యడుగుచున్నది: "నకలు తీసితివా అమ్మా?" తీసితినని చెప్పి యూరకుండిన ఒప్పుకొనదు, చూపుమనును. చూపుచున్నాను. ఆ 37 మార్కుల పిల్ల ఇప్పుడు పదవ తరగతిలో నున్నదని మా వారు చెప్పిరి. ఆమెకు ఈ సంగతి యేమియు తెలియదు. తెలియకుండుటయే మేలు.

మీరును మీకు కనబడిన పంక్తులను వ్రాసి పంపుడు. నాకు తెలిసినవానికి వచ్చు నెలలలో బదులు చెప్పెదను. తెలియనివానిని మా వారి నడిగి చెప్పెదను.

ఇట్లు,
మీ సోదరి